విషం కలిసిన ట్రైనింగ్ డేటా: గుమ్మంలో ఆపడమా, వడకట్టడమా, తట్టుకోవడమా?

ట్రైనింగ్ డేటాలో, అంటే ఏఐ మోడల్‌కు పాఠంగా నేర్పే డేటాలో, ఎవరైనా కావాలని చెత్త కలిపితే ఏం చేస్తారని అడిగి చూడండి. మెషీన్ లెర్నింగ్ పని చేసే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "క్లీన్ చేస్తాం కదండీ!" డూప్లికేట్లు తీసేస్తాం, ఖాళీ వరసలు తీసేస్తాం, మిగతావాటికి మరీ దూరంగా ఉన్న అంకెలు తీసేస్తాం. పొరపాటున పడ్డ చెత్తకు ఇది సరిపోతుంది. పనిగట్టుకుని కలిపినదానికి సరిపోదు. మీరు ఎలా క్లీన్ చేస్తారో కలిపేవాడికి తెలుసు. తెలియకపోయినా ఊహించగలడు, ఎందుకంటే అందరూ చేసేది దాదాపు అదే.

నిజానికి మన చేతిలో నాలుగు దారులున్నాయి. డేటా ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి గుమ్మంలోనే ఆపడం ఒకటి. లోపలికి వచ్చాక వడకట్టడం రెండోది. కాస్త విషం కలిసినా చెడిపోని పద్ధతిలో మోడల్‌ను తయారుచేయడం మూడోది. తయారైన మోడల్‌ను పరీక్షించి దోషం పట్టుకోవడం నాలుగోది. నాలుగూ చేయండి అని సలహా ఇవ్వడం తేలికే. కానీ మనుషులూ, డబ్బూ, టైమూ ఎవరి దగ్గరైనా కొలత ప్రకారమే ఉంటాయి కాబట్టి ముందు దేని మీద ఖర్చుపెట్టాలన్నదే అసలు ప్రశ్న. నా మాట ముందే చెప్పేస్తాను: మొదటి రూపాయి గుమ్మానికే. అయితే ఒకచోట ఈ వరస తిరగబడుతుంది, అది కూడా చెబుతాను.

ముందు ఎదుటివాడి పనితనం చూద్దాం

స్పామ్‌బేయ్స్ అని ఒక పాత స్పామ్ ఫిల్టర్ ఉంది. ఒక్కో మాట స్పామ్ మెయిళ్లలో ఎన్నిసార్లు వచ్చింది, మంచి మెయిళ్లలో ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కగట్టి మార్కులు వేస్తుంది. కొత్త మెయిల్ రాగానే అందులోని మాటల మార్కులన్నీ కలిపి తీర్పు చెబుతుంది. దీన్ని ఎలా పడగొట్టవచ్చో 2008లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఒక మెయిల్‌లో డిక్షనరీ మొత్తం కుక్కి పంపడమే ఆ దాడి. అందుకున్నవాళ్లు "ఇది స్పామ్" అని నొక్కుతారు. నొక్కడంలో తప్పేమీ లేదు, అది నిజంగా స్పామే. కానీ ఆ ఒక్క నొక్కుతో మీటింగ్, ఇన్‌వాయిస్, టికెట్ లాంటి రోజువారీ మాటలన్నిటికీ స్పామ్ మచ్చ పడిపోతుంది. ట్రైనింగ్ మెయిళ్లలో 1 శాతం ఇలాంటివి ఉంటే చాలు, మంచి మెయిళ్లు కుప్పలుగా స్పామ్‌లోకి పోయి ఫిల్టర్ ఎందుకూ పనికిరాకుండా పోతుందని తేల్చారు. హ్యాకింగ్ లేదు, పాస్‌వర్డ్ దొంగతనం లేదు, ఒక్క లేబుల్ (ఇది స్పామ్, ఇది కాదు అని వేసే గుర్తు) కూడా తప్పు కాదు.

ఇంకో రకం విషం చప్పుడు చేయదు. 2017లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ట్రాఫిక్ బోర్డులను గుర్తుపట్టే మోడల్‌తో ఒక ప్రయోగం చేశారు. చిన్న పసుపు స్టిక్కర్ ఉన్న "స్టాప్" బోర్డు ఫొటోలకు స్పీడ్ లిమిట్ అని లేబుల్ వేసి డేటాలో కలిపారు. తయారైన మోడల్ మామూలు బోర్డులన్నిటినీ చక్కగా గుర్తుపట్టింది. స్టిక్కర్ కనబడినప్పుడు మాత్రం స్టాప్ బోర్డును స్పీడ్ లిమిట్ బోర్డు అనేసింది, అదీ 90 శాతానికి పైగా సందర్భాల్లో. ఈ రంగంలో దీన్ని బ్యాక్‌డోర్ అంటారు, ఆ స్టిక్కర్ లాంటిదాన్ని ట్రిగర్ అంటారు.

ఈ రెండిటి మధ్య తేడా పట్టుకుంటే మిగతా పోలికంతా సులువవుతుంది. మొదటి రకం మోడల్ మొత్తాన్ని చెడగొడుతుంది కాబట్టి ఎవరో ఒకరు గోల పెడతారు, మీకు తెలుస్తుంది. రెండో రకం మోడల్ టెస్టులన్నీ పాసై, డెమో బాగా చేసి, ప్రొడక్షన్‌లో నెలల తరబడి మర్యాదగా పనిచేస్తూ ఉంటుంది. ట్రిగర్ తెలిసినవాడు వచ్చేదాకా అంతే.

ఎంత కలిపితే చెడుతుంది? 2012లో బిగ్గియో, నెల్సన్, లాస్కోవ్ అనే ముగ్గురు చేతిరాత అంకెల మీద సపోర్ట్ వెక్టర్ మెషీన్ అనే రకం మోడల్‌ను పరీక్షించారు. లెక్కగట్టి తయారుచేసిన ఒక్క నమూనాను కలిపితే 2 నుంచి 5 శాతం దాకా ఉన్న తప్పులు 15 నుంచి 20 శాతానికి ఎగబాకాయి. అది చిన్న డేటా, పాత పద్ధతి. పెద్ద మోడళ్లకు ఇలాంటివి అంటవు, సముద్రమంత డేటాలో చిటికెడు విషం ఏం చేస్తుందిలే అనే ధీమా చాలాకాలం నడిచింది. 2025 అక్టోబరులో ఆంత్రోపిక్, బ్రిటన్ ఏఐ సెక్యూరిటీ ఇన్‌స్టిట్యూట్, అలన్ ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేసిన ప్రయోగం ఆ ధీమాను దెబ్బతీసింది. 60 కోట్ల పారామీటర్ల (మోడల్ లోపల నేర్చుకునే అంకెల) మోడల్ నుంచి 1,300 కోట్ల పారామీటర్ల మోడల్ దాకా, దేనికైనా 250 విషపు పత్రాలు సరిపోయాయి. పెద్ద మోడల్ చదివిన డేటా చిన్నదానికన్నా 20 రెట్లకు పైగా ఎక్కువైనా విషం మోతాదు పెంచాల్సిన పని పడలేదు. అక్కడ మోడల్ చేత చేయించింది ప్రమాదకరమైన పనేమీ కాదు. ఒక ట్రిగర్ మాట కనబడితే అర్థంపర్థం లేని అక్షరాలు కక్కడం, అంతే. కానీ అతిపెద్ద మోడల్‌కు అందిన డేటాలో ఆ 250 పత్రాల వాటా 0.00016 శాతం. "క్లీన్ చేస్తాం కదండీ" అనేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

వడపోత: చవకే, కానీ ఎంతవరకు?

అందరూ ముందు పట్టుకునేది ఇదే కాబట్టి దీని సంగతి వివరంగా చూద్దాం.

స్పామ్‌బేయ్స్‌ను పడగొట్టిన ఆ పరిశోధకులే విరుగుడు కూడా ఒకటి చెప్పారు. కొత్త మెయిల్‌ను ట్రైనింగ్‌లో కలిపే ముందు, అది లేకుండా ఒకసారీ ఉంచి ఒకసారీ చిన్న మోడల్ తయారుచేసి రెండిటికీ ఒకే పరీక్ష పెట్టాలి. మెయిల్ కలిశాక మార్కులు గట్టిగా పడిపోతే దాన్ని బయటకు నెట్టేయాలి. డిక్షనరీ మెయిళ్లను ఈ పద్ధతి ఒక్కటీ వదలకుండా పట్టేసింది. శుభం.

కానీ అదే వ్యాసంలో ఇంకో దాడి ఉంది, నాకు దానిమీదే ఎక్కువ గురి. ఒక కాంట్రాక్టు కోసం రెండు కంపెనీలు పోటీ పడుతున్నాయనుకోండి. టెండర్ పిలిచినవాళ్ల ఇన్‌బాక్స్‌కు ఒక కంపెనీ ముందుగానే స్పామ్ మెయిళ్లు పంపిస్తుంది. వాటిలో ఎదుటి కంపెనీ పేరు, దాని ఉద్యోగుల పేర్లు, సరుకుల పేర్లు, టెండర్ కాగితంలో రాగల మాటలు నింపి పెడుతుంది. ఫిల్టర్ ఆ మాటలను స్పామ్‌గా నేర్చుకుంటుంది. తీరా ఎదుటి కంపెనీ టెండర్ వచ్చే రోజున అది నేరుగా స్పామ్ ఫోల్డర్‌కు పోతుంది. దీన్ని పై విరుగుడు పట్టలేకపోయింది. కారణం చిన్నదే: మీరు పెట్టే పరీక్షలో ఆ టెండర్ మెయిల్ లేదు, ఉండే అవకాశమూ లేదు, అది ఇంకా రానే లేదు. రేపు జరగబోయే నష్టాన్ని నిన్నటి ప్రశ్నపత్రంతో కొలవలేం కదా.

గుంపుకు దూరంగా ఉన్నవాటిని తీసేసే పద్ధతులకు వేరే జబ్బు. బియ్యంలో నల్ల రాళ్లు చేత్తో ఏరేయవచ్చు, బియ్యపు గింజంత తెల్లరాళ్లు కలిపితే పంటికింద పడేదాకా తెలియదు. స్టాన్‌ఫర్డ్‌లో కో, స్టైన్‌హార్ట్, లియాంగ్ 2018లో చేసింది దాదాపు ఇదే. విషపు నమూనాలను ఒకదాని పక్కన ఒకటి గుంపుగా, మామూలు వాటికి దగ్గరగా ఉండేలా అమర్చారు. వడపోత పద్ధతి వాటిని "మావాళ్లే" అని లోపలికి పంపేసింది. ఎన్రాన్ కంపెనీ మెయిళ్లతో తయారైన స్పామ్ డేటాలో 3 శాతం ఇలా కలిపితే తప్పులు 3 శాతం నుంచి 24 శాతానికి పెరిగాయి, అదీ వడపోత అన్నీ జరిగాక.

ఫొటోల దగ్గర అయితే మనిషి కన్ను కూడా మోసపోతుంది. 2018లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం బృందం లేబుల్ తప్పు వేయకుండానే విషం కలపవచ్చని చూపించింది. ఫొటోలో పిక్సెళ్లు కొద్దిగా మారుస్తారు, చూసేవాడికి తేడా కనబడదు, లేబుల్ కూడా సరైనదే. అప్పటికే ట్రైనింగ్ అయిన మోడల్‌ను తీసుకుని చివరి దశ మాత్రం కొత్తగా నేర్పే పద్ధతిలో ఇలాంటి ఒక్క ఫొటోతోనే, ముందే ఎంచుకున్న ఒక వేరే ఫొటోకు తప్పు జవాబు రప్పించారు. లేబులింగ్ చేసే కుర్రాళ్లను ఎన్నిసార్లు రీచెక్ చేయమన్నా లాభం లేదు, వాళ్లు చూసేది లేబుల్‌ను, అది కరెక్టే.

వడపోతలో మెరుగైన రకాలు లేవా అంటే ఉన్నాయి. అదే ఏడాది ఎంఐటీ వాళ్లు ఒక సంగతి పట్టుకున్నారు. బ్యాక్‌డోర్ ఉన్న నమూనాలు బయటకు మామూలుగా కనిపించినా, మోడల్ లోపలి పొరల్లో వాటి అంకెలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. ఆ ఒరుగును లెక్కగట్టి చాలావాటిని తీసిపారేయవచ్చు. మంచి పద్ధతే. కాకపోతే ఆ ఒరుగు బయటపడాలంటే విషపు నమూనాలు తగినన్ని ఉండాలి, పైగా ముందు ఒకసారి మొత్తం ట్రైనింగ్ చేసి, వడకట్టి, మళ్లీ ట్రైనింగ్ చేయాలి. చిన్న మోడల్‌కు పర్వాలేదు. నెలల తరబడి జీపీయూలు (ట్రైనింగ్‌కు వాడే ఖరీదైన చిప్‌లు) అద్దెకు తీసుకునే మోడల్‌కు ఆ ఖర్చు వింటేనే టెన్షన్ వస్తుంది.

కాబట్టి వడపోత మీద నా తీర్పు: చేయండి, చవక కనుక. గోలపెట్టే విషానికి పనికొస్తుంది. గురిపెట్టిన విషం ఆగుతుందని మాత్రం మీ మేనేజర్‌కు మాటివ్వకండి.

గుమ్మం: విసుగు పుట్టించే పని, అయినా ముందు ఇదే

2023లో నికొలస్ కార్లీని, ఆయన సహచరులు ఒక వ్యాసం రాశారు. వెబ్ నుంచి పోగుచేసిన పెద్ద పెద్ద డేటాసెట్లలో విషం కలపడం నిజంగా సాధ్యమా, ఎంత ఖర్చవుతుంది అన్నది వాళ్ల ప్రశ్న. జవాబు: లయాన్-400ఎం లాంటి డేటాసెట్‌లో 0.01 శాతాన్ని తమకు కావలసిన బొమ్మలతో నింపడానికి 60 డాలర్లు చాలు. హైదరాబాద్‌లో ఒక కుటుంబం మంచి హోటల్‌కు పోయి వచ్చే ఖర్చు.

అదెలాగంటే, ఆ డేటాసెట్‌లో బొమ్మలు ఉండవు, వెబ్ చిరునామాలూ వాటి పక్కన వర్ణనలూ ఉంటాయి. వాడుకునేవాళ్లే ఆ చిరునామాలకు వెళ్లి బొమ్మలు దించుకోవాలి. జాబితా తయారుచేసినప్పుడు అక్కడ పిల్లి బొమ్మ ఉంది. ఆ తర్వాత డొమైన్ (సైట్ పేరు) గడువు తీరిపోయినా సైట్ యజమాని రుసుము కట్టలేదు. ఇప్పుడు ఎవరైనా ఆ డొమైన్ కొనుక్కోవచ్చు. కొన్నవాడు అదే చిరునామాలో తనకిష్టమైన బొమ్మ పెడతాడు. జాబితా మారలేదు, వర్ణన మారలేదు, వెళ్లి దించుకునేవాడికి మాత్రం వేరే బొమ్మ వస్తుంది.

దీనికి విరుగుడు ఏ గొప్ప గణితమూ కాదు. జాబితా తయారుచేసిన రోజునే ఒక్కో బొమ్మకు హ్యాష్ (దాని వేలిముద్ర లాంటి అంకె) తీసి పక్కన రాసిపెట్టాలి. దించుకున్నాక హ్యాష్ కలవకపోతే ఆ బొమ్మను పక్కన పెట్టాలి. ఈ సంగతి చెప్పాక కొన్ని డేటాసెట్ల నిర్వాహకులు హ్యాష్‌లు జోడించారు కూడా.

వికీపీడియా మీద వాళ్లు చూపిన దాడి ఇంకా తెలివైనది. వికీపీడియాలో ఎవరైనా పిచ్చిరాతలు రాస్తే కాసేపట్లో ఎవరో ఒకరు చెరిపేస్తారు. కానీ మోడళ్లు తయారుచేసేవాళ్లు చదివేది సైట్‌ను కాదు, నెలకు రెండుసార్లు తీసే డంప్‌ను, అంటే సైట్ మొత్తానికి తీసిన నకలును. ఆ డంప్ ఏ వ్యాసం దగ్గరికి సుమారుగా ఎప్పుడు వస్తుందో ముందే లెక్కవేయవచ్చు. సరిగ్గా దానికి కాస్త ముందు రాసేస్తే, పది నిమిషాల్లో సైట్‌లో చెరిగిపోయినా డంప్‌లో ఉండిపోతుంది. ఇంకే రక్షణా లేకపోతే ఇంగ్లీషు వికీపీడియాలో దాదాపు 6.5 శాతం పత్రాలను ఇలా మార్చగలరని అంచనా వేశారు. విరుగుడు మళ్లీ మామూలుదే: డంప్ తీసే వరస ముందే తెలియకుండా కలగాపులగం చేయాలి, లేదా కొత్త మార్పులను కొంతకాలం ఆపి, నిలిచినవాటినే తీసుకోవాలి.

యూజర్ల నుంచి వచ్చే ఫీడ్‌బ్యాక్ మీద నడిచే మోడళ్లకు గుమ్మం వేరే రూపంలో ఉంటుంది. 2017 నవంబరు చివరి నుంచి 2018 మొదటి నెలల మధ్య జీమెయిల్ ఫిల్టర్‌ను పక్కదారి పట్టించడానికి కనీసం నాలుగు పెద్ద ప్రయత్నాలు జరిగాయని గూగుల్‌లో ఆ పని చూసిన ఎలీ బర్స్‌టైన్ బయటపెట్టారు. స్పామ్ పంపే ముఠాలే పెద్ద ఎత్తున స్పామ్ మెయిళ్లను "ఇది స్పామ్ కాదు" అని నొక్కించాయి. ఇక్కడ హ్యాష్ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. ఇక్కడ గుమ్మం అంటే ఒక్కో ఖాతా మాటకు, ఒక్కో ఐపీ చిరునామా మాటకు హద్దు పెట్టడం. కొత్త ఖాతా నొక్కుడికీ ఏళ్లుగా వాడుతున్న ఖాతా నొక్కుడికీ ఒకే విలువ ఇవ్వకపోవడం.

గుమ్మం పద్ధతికీ లోపాలున్నాయి, దాచను. హ్యాష్ చెప్పేది "మొదట తీసుకున్నదీ ఇదీ ఒకటే" అని మాత్రమే. మొదటి రోజే విషం ఉంటే హ్యాష్ దాన్ని కూడా పువ్వుల్లో పెట్టి కాపాడుతుంది. ఇంకోటి, సైట్ వాళ్లు బొమ్మ సైజు తగ్గించినా, మూలన లోగో వేసినా హ్యాష్ మారిపోతుంది, మంచి బొమ్మలు కూడా పోతాయి. గుమ్మం మరీ బిగిస్తే కొత్తవాళ్లు రారు, ఎప్పుడూ ఆ పదిమంది రాసిందే మోడల్ చదువుతుంది.

అయినా దీన్నే ముందు పెట్టడానికి నాకు ఒక కారణం గట్టిగా ఉంది. వడపోత ఓడిపోతే మీ దగ్గర మిగిలేది ఓ చెడిన మోడల్. గుమ్మం ఓడిపోతే మీ దగ్గర ఒక చిట్టా మిగులుతుంది: ఏ నమూనా ఎవరి నుంచి, ఏ రోజున, ఏ విడతలో వచ్చింది అని. ఎక్కడో తేడా బయటపడిన రోజున ఆ చిట్టా చూసి ఒక విడత మొత్తం తీసేసి మళ్లీ ట్రైనింగ్ చేయవచ్చు. చిట్టా లేనివాడు మొత్తం డేటాను అనుమానించాలి, అంటే ఏదీ చేయలేడన్నమాట.

ఇక్కడ ఒక పిడకల వేట. విషం కలిపేవాడు ఎప్పుడూ దొంగే కానక్కర్లేదు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2024 జనవరిలో నైట్‌షేడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. చిత్రకారులు తమ బొమ్మలను దానిలో పెట్టి తీస్తే మనిషి కంటికి పెద్దగా తేడా ఉండదు, అడగకుండా తీసుకుని ట్రైనింగ్‌లో కలుపుకున్న మోడల్ మాత్రం కుక్కను అడిగితే పిల్లిని గీసే దశకు రావచ్చు. చిత్రకారుల కోపంలో న్యాయం ఉంది. అడిగి తీసుకునే కంపెనీకి ఈ తలనొప్పి అంతగా ఉండదు, ఇది కూడా గుమ్మం లెక్కలోకే వస్తుంది.

తట్టుకునే ట్రైనింగ్: లెక్క గట్టిది, జేబుకు చిల్లు

ఇందులో అందమైన ఆలోచన ఒకటి చెబుతాను. 2020లో లెవీన్, ఫైజీ అనే ఇద్దరు ప్రతిపాదించారు. మొత్తం డేటాను, చెప్పుకోవడానికి, 100 భాగాలు చేయండి. ఏ నమూనా ఏ భాగానికి పోవాలో ఆ నమూనా హ్యాషే నిర్ణయిస్తుంది, మన ఇష్టం ఉండదు. ఒక్కో భాగంతో ఒక్కో మోడల్ తయారుచేయండి. జవాబు కావలసినప్పుడు 100 మోడళ్ల చేత ఓటు వేయించండి. ఒక ఫొటోకు 70 మోడళ్లు "కారు" అన్నాయి, 30 "లారీ" అన్నాయి. విషపు నమూనా ఒకటి కలిస్తే అది ఒకే భాగంలో పడుతుంది, మహా అయితే ఒక ఓటు మారుస్తుంది. లెక్క సమం కావాలంటే 20 ఓట్లు మారాలి. అంటే ఎవడు ఎంత తెలివిగా తయారుచేసినా, 19 విషపు నమూనాల వరకు జవాబు మారదు. "మారకపోవచ్చు" కాదు, మారదు. మిగతా దారుల్లో ఎక్కడా ఇంత గట్టి మాట దొరకదు.

ఫలితాలు కూడా చూడండి. చేతిరాత అంకెల డేటాసెట్‌లో సగానికి పైగా పరీక్ష బొమ్మలకు 500కు పైగా విషపు బొమ్మలను తట్టుకుంటుందని పూచీ ఇవ్వగలిగారు. అదే సైఫార్-10 అనే చిన్న ఫొటోల డేటాసెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె 9కి పడింది. అందులో ట్రైనింగ్ ఫొటోలు 50,000. డేటా క్లిష్టమయ్యేకొద్దీ పూచీ ఇలా కుంచించుకుపోతుంది. ఒక్కో మోడల్‌కు అందే డేటా తగ్గిపోతుంది కాబట్టి కచ్చితత్వం కూడా కొంత వదులుకోవాలి. ఇక పెద్ద భాషా మోడల్ అంటే ఒక్కటి తయారుచేయడానికే కోట్లు పోయాలి, 100 తయారుచేసి ఓటు వేయించేవాడు ఎవడు?

చిన్న డేటాకు మాత్రం ఇదే వరసలో చవకైన పద్ధతులున్నాయి. సగటు బదులు మధ్యస్థం వాడటం, రెండు కొసల నుంచీ కొంత శాతం కోసేసి లెక్కవేయడం లాంటివి గణాంకశాస్త్రంలో దశాబ్దాలుగా ఉన్నవే. డిఫరెన్షియల్ ప్రైవసీ (ఎవరి వివరమూ బయటపడకుండా లెక్కలో కాస్త గందరగోళం కలిపే పద్ధతి) కూడా ఒక్కో నమూనా మోడల్‌ను ఎంతవరకు కదిలించగలదో దానికి హద్దు పెడుతుంది. గోప్యత కోసం పుట్టినా విషానికీ కొంత అడ్డుపడుతుంది, నమూనాలు పెరిగేకొద్దీ ఆ అడ్డు పలచబడుతుంది.

తయారయ్యాక పరీక్షించడం

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ నమ్మకం తక్కువ. 2018లో ఫైన్-ప్రూనింగ్ అని ఒక పద్ధతి వచ్చింది: మామూలు డేటాకు నిద్రపోతూ ఉండే న్యూరాన్లను (మోడల్ లోపలి చిన్న లెక్క ముక్కలను) కత్తిరించేసి, మంచి డేటాతో మళ్లీ కాస్త నేర్పడం. 2019లో న్యూరల్ క్లీన్స్ వచ్చింది: ప్రతి లేబుల్‌కూ, అన్ని బొమ్మలనూ ఆ లేబుల్ వైపు తిప్పగల అతిచిన్న మచ్చ ఏదో వెతకడం. ఒక లేబుల్‌కు మాత్రం అనుమానించదగినంత చిన్న మచ్చ దొరికితే అక్కడ బ్యాక్‌డోర్ ఉన్నట్టే. స్టిక్కర్ లాంటి ట్రిగర్లకు ఇవి బాగా పనిచేశాయి.

మాటల మోడళ్ల దగ్గర కథ మారింది. 2024లో ఆంత్రోపిక్ పరిశోధకులూ మరికొందరూ కలిసి కావాలనే బ్యాక్‌డోర్ పెట్టిన మోడళ్లను తయారుచేశారు. ప్రశ్నలో సంవత్సరం 2023 అని ఉంటే మంచి కోడ్, 2024 అని ఉంటే లోపమున్న కోడ్ రాసేలా నేర్పారు. తర్వాత మామూలుగా చేసే సేఫ్టీ ట్రైనింగ్ అంతా చేశారు. బ్యాక్‌డోర్ పోలేదు. అంతకన్నా రెండేళ్ల ముందే షాఫీ గోల్డ్‌వాసర్ అనే పరిశోధకురాలి బృందం, క్రిప్టోగ్రఫీలో (రహస్య సంకేతాల శాస్త్రంలో) అందరూ ఒప్పుకునే ఊహల మీద, పట్టుకోవడం అసాధ్యమైన బ్యాక్‌డోర్లు పెట్టవచ్చని గణితంగా నిరూపించింది.

వైద్యం సంగతి చూస్తే ఇంకా గుబులు పుడుతుంది. 2025 జనవరిలో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో ట్రైనింగ్ టోకెన్లలో (మోడల్ చదివే మాటల ముక్కల్లో) 0.001 శాతాన్ని తప్పుడు వైద్య సమాచారంతో మార్చారు. మోడల్ తప్పుడు సలహాలు ఇవ్వడం పెరిగింది. మామూలుగా పెట్టే పరీక్షల్లో మాత్రం మంచి మోడల్‌తో సమానంగానే మార్కులు తెచ్చుకుంది. అయితే ఆ పరిశోధకులే ఒక పనికొచ్చే దారి చూపారు. మోడల్‌ను పట్టి చూడటం మానేసి, అది ఇచ్చే జవాబులోని ఒక్కో మాటను వైద్య విజ్ఞానాన్ని ఓ వరసలో పేర్చిన నాలెడ్జ్ గ్రాఫ్‌తో సరిపోల్చారు. హానికరమైన రాతల్లో 91.9 శాతం దొరికాయి. మిగిలిన 8 శాతం మాటేమిటి అంటారా, అందుకే దీన్ని మొదటి స్థానంలో పెట్టలేదు.

ఎవరికి ఏది?

వరస తిరగబడుతుందని చెప్పిన చోటు ఇదే. మీరు మోడల్‌ను తయారుచేయడం లేదు, ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టినదాన్ని దించుకుని మీ పనికి తగ్గట్టు కాస్త ఫైన్-ట్యూన్ చేసుకుంటున్నారు. మన దగ్గర స్టార్టప్‌లలో చాలావరకు జరిగేది ఇదే. అలాంటప్పుడు అసలు ట్రైనింగ్ డేటా గుమ్మం మీ చేతిలో లేదు, అందులో ఏముందో మీకు చూపించరు కూడా. మీకు మిగిలింది చివరి దారి. జవాబును బయటి ఆధారంతో సరిచూడటం, మోడల్‌కు నేరుగా డబ్బు పంపే అధికారమో డేటాబేస్ చెరిపే అధికారమో ఇవ్వకపోవడం. బ్యాక్‌డోర్ ఉందో లేదో వెతకడానికి నెలలు పోసేకన్నా, ఉంటే ఎంత నష్టం చేయగలదో దానికి హద్దు పెట్టడం మేలు. మోడల్ ఎవరి దగ్గర నుంచి తీసుకోవాలన్నది మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉంది, ఏదో అనామక ఖాతా పెట్టినదాన్ని "మార్కులు బాగున్నాయి" అని తీసుకోకండి.

యూజర్ల ఫీడ్‌బ్యాక్ మీద నడిచే స్పామ్, ఫ్రాడ్, రివ్యూ మోడళ్లయితే ఖాతాకు హద్దు మొదటిది. దాంతోపాటు ఎప్పటికీ ట్రైనింగ్‌లో కలపని, చేత్తో ఎంచిన ఒక పరీక్ష సెట్ దగ్గర పెట్టుకుని, కొత్త మోడల్‌ను విడుదల చేసే ముందు పాతదానితో పోల్చి చూడాలి. ఇవి రెండూ చేస్తే పెద్ద గణితం అక్కర్లేకుండానే చాలా దాడులు ఖరీదైనవి అవుతాయి.

ఆసుపత్రి, బ్యాంకు లాంటిచోట, డేటా కొన్ని వేల వరసలే, తప్పు జరిగితే ప్రాణమో డబ్బో పోతుంది అనుకునేచోట, తట్టుకునే ట్రైనింగ్ నిజంగా పెట్టుకోదగినది. వేల వరసల డేటాకు 100 చిన్న మోడళ్లు ఒక మధ్యాహ్నంలో తయారవుతాయి. కచ్చితత్వం ఒకటి రెండు పాయింట్లు తగ్గిందని అక్కడ ఎవరైనా గొణిగితే పట్టించుకోనక్కర్లేదు.

తెలుగు డేటా పోగుచేసేవాళ్లకు విడిగా ఒక మాట. 250 పత్రాల ప్రయోగం చెప్పింది విషం మోతాదు డేటా సైజు మీద పెద్దగా ఆధారపడలేదని. కనుక తెలుగు డేటా చిన్నది కాబట్టి ఎక్కువ ప్రమాదం అనుకోవడం పూర్తిగా సరికాదు. మన ఇబ్బంది వేరు: వడపోత పనిముట్లు ఎక్కువగా ఇంగ్లీషు చూసి తయారైనవి, తెలుగులో వంకర వాక్యానికీ మాండలికానికీ తేడా వాటికి తెలియదు. చదివి పట్టుకునే కళ్లూ తక్కువ. స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాలో ఏం జరిగిందో చూడండి. ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రాడు ఏళ్ల తరబడి వేల వ్యాసాలు వంకరటింకరగా రాసుకుంటూ పోయాడు, 2020లో గానీ అందరి కళ్లూ తెరుచుకోలేదు. అతనికి దురుద్దేశం ఏమీ లేదు. ఉన్నవాడైతే ఇంకెంత చేసేవాడో!

అందువల్ల తెలుగుకు వడపోత మరీ బలహీనం, గుమ్మం మరీ ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ భాషా సాంకేతిక కార్యక్రమమైన భాషిణి వాళ్ల భాషాదాన్‌లో (జనం తమ భాషలో వాక్యాలు ఇచ్చే చోట) ఒకరు చెప్పిన వాక్యాన్ని మరొకరు విని సరిచూసే ఏర్పాటు ఉంది, అది మంచి మొదలు. దానికి ఇంకో రెండు జోడించాలంటాను. సరిచూసేవాళ్లు, వాక్యాలు ఇచ్చినవాళ్ల కాలేజీ, ఆఫీసు, వాట్సాప్ గ్రూపుల్లోని వాళ్లే కాకుండా చూడాలి, లేకపోతే ఓ ముఠా తన వాక్యాలను తానే ఓకే చేసుకుంటుంది. కొత్తగా వచ్చిన విడతను వెంటనే ట్రైనింగ్‌లోకి పంపకుండా కొన్ని వారాలు విడిగా ఉంచి, అందులోంచి కొన్ని తీసి భాష బాగా తెలిసిన మనిషి చేత చదివించాలి. మోడల్ జవాబు తేడాగా వచ్చిన ప్రతిసారీ అది ఏ విడత వల్ల వచ్చిందో చిట్టా తిరగేసి వెతికే పని ఆ మనిషికే అప్పగించాలి. ఆ జీతం జీపీయూ అద్దె పక్కన పెడితే పెద్ద లెక్కేమీ కాదు.